ఆగిపోయిన హాస్టల్ గదుల నిధులు: ప్రజాపద్దుల కమిటీ(పీఏసీ)కి రాయాలా, అంచనాల కమిటీకా, ఇంకెవరికైనా?

దేవరకొండ రోడ్డు:

అందరికీ నమస్తే. ఈ లెక్కలు తెలిసినోళ్లు కొంచెం వివరంగ చెప్పాలె.

ఒక గిరిజన రెసిడెన్షియల్ స్కూల్‌కు అదనపు తరగతి గదులు, ఒక డార్మిటరీ మంజూరైనయి. బడ్జెట్ పుస్తకంల రెండేండ్లు వరుసగ నిధులు చూపించిన్రు. పని స్లాబ్ లెవెల్ దగ్గర ఆగింది. బిల్లుకు టోకెన్ (ఖజానాల బిల్లు చేరినట్టు ఇచ్చే నంబరు) పడ్డది గని పైసలు జమ కాలేదని కాంట్రాక్టర్ మాట. బీఆర్‌ఓ (బడ్జెట్ విడుదల ఉత్తర్వు) రాలేదని ఆఫీసు మాట. పిల్లలు పగలు చదువుకునే గదులల్లనే రాత్రి పండుకుంటున్నరు.

తల్లిదండ్రుల తరఫున శాసనసభ కమిటీకి రాద్దామని అనుకుంటున్నం. ఏ కమిటీకి రాయాలె? కమిటీ జిల్లాకు వచ్చిననాడు కలెక్టరేట్ దగ్గర కాగితం ఇస్తే సరిపోతదా? బడ్జెట్‌ల పెట్టింది నిజంగ ఖర్చైందా లేదా అన్నది ఎక్కడ చూడాలె? ఇంకోటి, ప్రజలకు అందే సేవల మీద కేంద్రం బిల్లు తెస్తే పార్లమెంటు కమిటీకి మనం గూడ అభిప్రాయం పంపొచ్చంటరు. అది ఎట్లనో చెప్పండి.

ఆడిట్ పేరా:

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. పీఏసీ అయినా మరొకటి అయినా డబ్బు విడుదల చేయించలేదు. ఆ తాళంచెవి ఆర్థిక శాఖ దగ్గర ఉంటుంది. కమిటీ చేయగలిగింది శాఖ కార్యదర్శిని పిలిచి అడగడం, కాగితాలు తెప్పించుకోవడం, నివేదికను సభ ముందు పెట్టడం. అది తక్కువేమీ కాదు. కార్యదర్శి పేరు మీద రాతపూర్వకంగా జవాబు రికార్డుకెక్కితే, కింద ఆగిన ఫైలు కదిలే అవకాశం బాగా పెరుగుతుంది.

మన తెలంగాణ చట్టసభలో ఆర్థిక కమిటీలు మూడు. మూడింటి చూపూ వేరు. ప్రజాపద్దుల కమిటీ, అంటే పీఏసీ, ఖర్చయిన తర్వాత చూస్తుంది. సభ ఏ పనికి ఎంత ఇచ్చింది, ఆ డబ్బు ఆ పనికే పోయిందా, మించి పోయిందా, మిగిలిపోయిందా అన్నది దాని పని. దాని ముందుండేది కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నివేదిక. అంచనాల కమిటీ అంచనాలను పట్టుకుంటుంది: ఈ పనికి ఇంత ఎందుకు పెట్టారు, ఇంకా పొదుపుగా చేసే దారి ఉందా, అంచనా ఎందుకు సవరించారు అని. ప్రభుత్వరంగ సంస్థల కమిటీ కార్పొరేషన్లను చూస్తుంది.

కాబట్టి మీరు ముందుగా తేల్చుకోవాల్సింది ఆ గదులు కడుతున్నదెవరు అన్నది. గిరిజన సంక్షేమ శాఖ ఇంజనీరింగ్ విభాగమైతే దారి ఒకటి. విద్య, సంక్షేమ మౌలిక వసతుల అభివృద్ధి కార్పొరేషన్ ద్వారా అయితే దారి వేరు. రెండో సందర్భంలో శాఖ తన డబ్బును కార్పొరేషన్‌కు బదిలీ చేసిన రోజే శాఖ లెక్కలో అది ఖర్చయిపోయినట్టు పడుతుంది. గోడ లేవకపోయినా పుస్తకంలో ఖర్చు కనిపిస్తుంది. పీఏసీకి రాస్తే ‘మేము ఇచ్చేశాం’ అని శాఖ జవాబు, కార్పొరేషన్‌ను అడిగితే ‘మాకు పూర్తిగా రాలేదు’ అని జవాబు. అలాంటప్పుడు ప్రభుత్వరంగ సంస్థల కమిటీకి కూడా ఒక ప్రతి పోవాలి. మిషన్ భగీరథ విషయంలోనూ ఇదే చిక్కు. తాగునీటి సరఫరా కార్పొరేషన్ పేరు మీద తెచ్చిన అప్పులు శాఖ పద్దులో కనిపించవు. నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాల మీద ఎంత పెట్టారో బడ్జెట్ పుస్తకం ఒక్కటే తిప్పితే తేలకపోవడానికి కారణం అదే.

2024 సెప్టెంబరులో వేసిన కమిటీల్లో అంచనాల కమిటీకి కోదాడ ఎమ్మెల్యే పద్మావతి రెడ్డి, ప్రభుత్వరంగ సంస్థల కమిటీకి షాద్‌నగర్ ఎమ్మెల్యే శంకరయ్య, ప్రజాపద్దుల కమిటీకి శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అరికెపూడి గాంధీ చైర్మన్లు అయ్యారు. అంటే ఉమ్మడి నల్లగొండకు ఒకటి, ఉమ్మడి మహబూబ్‌నగర్‌కు ఒకటి దక్కాయి. మీరు రాసేనాటికి ఎవరున్నారో చూసుకుని రాయండి. కమిటీలో సభ్యులు 13 మంది, అసెంబ్లీ నుంచి 9, మండలి నుంచి 4. చైర్మన్‌కు ఒక్కరికే రాయడం కంటే మీ వైపు సభ్యులెవరైనా ఉంటే వాళ్లకు విడిగా ఒక ప్రతి ఇవ్వడం మేలు. కమిటీలో నోరు తెరిచి అడిగేది సభ్యుడే.

ఎస్టీల సంక్షేమానికి చట్టసభలో విడిగా కమిటీ వేసే పద్ధతి ఉంది. ప్రస్తుతం అది నడుస్తుంటే మీ విషయానికి అన్నిటికంటే దగ్గరి తలుపు అదే. శాసన సచివాలయానికి ఫోన్ చేసి అడగండి.

హాలియా కాలువ:

కమిటీలకు రాస్తే ఏండ్లు పడతది అన్నా. సోమవారం ప్రజావాణిల కలెక్టర్‌కు ఇవ్వండి, వారంల సంగతి తెలుస్తది. పీఏసీ మీటింగ్ ఎప్పుడు పెడతరో వాళ్లకే తెల్వదు.

పాలమూరు లెక్కలు:

ప్రజావాణిలో ఇవ్వడం తప్పు కాదు, ఇవ్వాలి. కానీ అక్కడ తేలేది పని స్థాయి వరకే. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఎంబీ (పని కొలతల పుస్తకం) రాయకపోతే రాయిస్తారు, బిల్లు డివిజన్ ఆఫీసులో పడి ఉంటే పైకి పంపిస్తారు. బిల్లు టోకెన్ దాకా వచ్చిందంటే కలెక్టర్ చేయగలిగింది అయిపోయినట్టే. ఆ తర్వాత అంతా హైదరాబాద్ లెక్క.

దేవరకొండ రోడ్డు గారు అడిగిన మూడో ప్రశ్నకు నేను చెప్తాను. ఇది ఒకసారి అర్థమైతే తర్వాత ఏ శాఖ పద్దయినా చదవొచ్చు.

ప్రతి ఖర్చుకూ ఒక ఖాతా సంఖ్య ఉంటుంది. మీ గదుల లాంటి పనికి అది 4225-02-277 అని మొదలయ్యే అవకాశం ఎక్కువ. ముందు 4225 చూడండి. మొదటి అంకె 4 అంటే పెట్టుబడి వ్యయం, అంటే కట్టడాలు, ఆస్తులు. 2 లేదా 3 అయితే రెవెన్యూ వ్యయం: జీతాలు, మెస్ చార్జీలు, నడిపే ఖర్చు. 6 అయితే ఇచ్చిన అప్పు, 8 అయితే డిపాజిట్ల వంటి ప్రజాఖాతా. వెనుక ఉన్న 225 ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల సంక్షేమం. తర్వాతి 02 అంటే ఎస్టీలు. 277 అంటే విద్య. దాని తర్వాత ఎస్‌హెచ్ అని బ్రాకెట్లో రెండంకెలు, అది పథకం పేరు. చివర 530 ఉంటే పెద్ద పనులు, 310 ఉంటే గ్రాంట్ ఇన్ ఎయిడ్, 010 ఉంటే జీతాలు, 500 ఉంటే ఇతర ఖర్చులు. ఈ చివరి అంకె మీద కన్ను పెట్టాలి. కట్టడమని చెప్పిన డబ్బు 310 కింద ఉంటే అది నేరుగా పనికి పోదు, సొసైటీకో కార్పొరేషన్‌కో గ్రాంటుగా పోతుంది. పైన చెప్పిన తిరకాసు అక్కడే పుడుతుంది. వేరే శాఖల పద్దుల్లో 789 కనిపిస్తే ఎస్సీ ప్రత్యేక నిధి, 796 కనిపిస్తే ఎస్టీ ప్రత్యేక నిధి. రోడ్లు, విద్యుత్తు, వైద్యం, అన్నిటిలోనూ ఇవి ఉంటాయి. గిరిజన సంక్షేమ పద్దు ఒక్కటే చూసి లెక్క కడితే సగమే దొరుకుతుంది.

ఇప్పుడు గళ్లు. బడ్జెట్ పుస్తకంలో ఒక వరుసకు నాలుగు అంకెలు ఉంటాయి. 2025-26 పుస్తకం తీసుకుంటే: 2023-24 అసలు లెక్క, 2024-25 బడ్జెట్ అంచనా, 2024-25 సవరించిన అంచనా, 2025-26 బడ్జెట్ అంచనా. ‘బడ్జెట్‌లో పెట్టారు’ అని మనం అనేది నాలుగో గడి. అది ఉద్దేశం మాత్రమే. 2024-25లో నిజంగా ఎంత పోయిందో చూడాలంటే 2026-27 పుస్తకంలో మొదటి గడి చూడాలి. మధ్యలో సవరించిన అంచనా బడ్జెట్ అంచనా కంటే బాగా తగ్గి ఉంటే, ఆ ఏడాది డబ్బు రాలేదని అర్థం. మీరు రెండేళ్లు నిధులు చూపించారన్నారు కదా. ఆ రెండేళ్ల సవరించిన అంచనాలు, అసలు లెక్కలు పక్కపక్కన ఒక కాగితం మీద వేసుకోండి. మొత్తం నాలుగైదు అంకెలే. మీ అర్జీకి వెన్నెముక అదే.

ఇంకా గట్టి ఆధారం కావాలంటే వినియోగ పద్దులు, అంటే అప్రోప్రియేషన్ అకౌంట్స్ చూడండి. కాగ్ వెబ్‌సైట్‌లో రాష్ట్రం వారీగా ఉంటాయి. పద్దు వారీగా అసలు గ్రాంటు, అనుబంధ గ్రాంటు, ఖర్చు, సరెండర్ చేసినది (శాఖ తిరిగి అప్పగించినది) అన్నీ ఉంటాయి. అందులో ‘ఆదా’ అన్న అర్థంలో ఒక గడి ఉంటుంది. ఆ మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అది పొదుపు చేసిన డబ్బు కాదు, ఖర్చు పెట్టకుండా వదిలేసిన డబ్బు. మార్చి 31తో అది మురిగిపోతుంది. దాని కింద ‘కారణాలు తెలియజేయలేదు’ అన్న వాక్యం ఎక్కడ కనిపించినా దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయండి. శాఖ తన నోటితో కారణం చెప్పలేదని కాగే రాసినట్టు.

ఖర్చయినట్టు చూపి ఖర్చు కాని డబ్బు ఇంకో రకంగానూ ఉంటుంది. పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాలోకి మార్చినది. ఖజానా నుంచి తీయగానే లెక్కలో ఖర్చు, కానీ పీడీ ఖాతాలో అలాగే ఉండొచ్చు. అందుకని శాఖ ‘100 శాతం వినియోగించాం’ అన్నప్పుడు ఆ మాటకు ఆగిపోవద్దు. వినియోగ ధ్రువపత్రం ఎప్పుడు ఇచ్చారు, ఎంబీలో రికార్డైన విలువ ఎంత అని అడగాలి.

ఎస్టీల డబ్బుకు చట్టబద్ధమైన పట్టు ఒకటి ఉంది. 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం ఒక ఏడాది ఖర్చు కాని నిధిని తర్వాతి ఏడాది కేటాయింపులో కలపాలి. మిగతా శాఖల డబ్బు మురిగినట్టు ఇది మురగకూడదు. మీ ప్రశ్న ‘మా గదులు ఎందుకు ఆగాయి’ అని కాక ‘ఈ ఖాతాలో మిగిలిన ఇన్ని లక్షలను చట్టం ప్రకారం తర్వాతి ఏడాదిలో ఎక్కడ కలిపారు’ అని ఉంటే దాటవేయడం కష్టం.

ఆడిట్ పేరా:

పైన రాసినది నూటికి నూరు పాళ్లు పనికొచ్చే మాట. హాలియా కాలువ గారి మాటలోనూ నిజం ఉంది, ఆలస్యం ఉంటుంది. ఎందుకు ఆలస్యమో తెలిస్తే ఎక్కడ దూరాలో తెలుస్తుంది.

ఆడిట్ వాళ్లు డివిజన్ ఆఫీసుకు వచ్చి రికార్డులు చూస్తారు. సందేహాలకు అక్కడికక్కడే మెమో ఇస్తారు. తేలనివి తనిఖీ నివేదికలో పడతాయి. అందులో పెద్దవి ముసాయిదా పేరాగా (కాగ్ నివేదికలో చేర్చబోయే ఆక్షేపణగా) శాఖ కార్యదర్శికి పోతాయి, జవాబుకు 6 వారాలు. ఆ తర్వాత కాగ్ నివేదిక, గవర్నర్‌కు, అక్కడి నుంచి 151వ అధికరణం కింద సభ ముందుకు. సభలో పెట్టిన 3 నెలల్లో పీఏసీ పిలవకముందే శాఖ వివరణ నోట్ ఇవ్వాలి. పీఏసీ విచారించి సిఫారసు చేస్తే 6 నెలల్లో తీసుకున్న చర్యల నోట్ ఇవ్వాలి. రాసి ఉన్న గడువులివి. ఎక్కువ ఆగేది రెండు చోట్ల. ఒకటి, వివరణ నోట్లు ఇవ్వకపోవడం. రెండు, పేరాలు వందల్లో ఉంటే పీఏసీ ఎంపిక చేసుకున్న కొన్నింటినే విచారించడం. మిగిలినవి ఏళ్ల తరబడి పెండింగ్.

ఈ మొత్తం దారిలో మీకు పనికొచ్చే చోటు ఆడిట్ వాళ్లు రికార్డులు చూసే మొదటి మెట్టు. పీఏసీ ప్రధానంగా ఆడిట్ పేరాల మీద కూర్చుంటుంది. పేరా లేని విషయాన్ని కమిటీ నెత్తికెత్తుకోవడం అరుదు. అందుకని మీ కాగితం ఒక ప్రతి హైదరాబాద్‌లోని అకౌంటెంట్ జనరల్ (ఆడిట్) కార్యాలయానికి పంపండి. ఆడిట్ ప్రణాళిక వేసుకునేటప్పుడు ప్రజల నుంచి వచ్చిన సమాచారాన్ని చూసే ఏర్పాటు వాళ్లకుంది. ‘ఫలానా డివిజన్, ఫలానా ఒప్పందం, ఫలానా ఖాతా సంఖ్య, ఫలానా ఏడాది’ అని నాలుగు గుర్తులు ఇస్తే, వచ్చే తనిఖీలో ఆ ఫైలు తెరిచే అవకాశం ఉంటుంది. నాలుగు పేజీల ఆవేదన కంటే ఈ నాలుగు గుర్తులు బలమైనవి.

కమిటీలకు పళ్లు లేవు అనేవాళ్ల కోసం ఒక మాట. సభ ఇచ్చిన గ్రాంటు కంటే ప్రభుత్వం ఎక్కువ ఖర్చు పెడితే, దాన్ని 205(1)(బి) అధికరణం కింద సభ మళ్లీ ఆమోదించాలి. అప్పటిదాకా అది ఆమోదం లేని ఖర్చుగానే ఉంటుంది. ఆ క్రమబద్ధీకరణకు ముందు పీఏసీ పరిశీలన ఉంటుంది. తెలంగాణ వచ్చినప్పటి నుంచి కాగ్ తన రాష్ట్ర ఆర్థిక నివేదికల్లో ఈ అదనపు ఖర్చుల క్రమబద్ధీకరణ పెండింగ్ గురించి రాస్తూనే ఉంది. ఒక పద్దులో డబ్బు వదిలేసి ఇంకో పద్దులో మించిపోవడం అంటే సభ వేసిన ఓటుకు విలువ లేకుండా పోవడమే. మీ గదుల డబ్బు మురిగిన అదే ఏడాది ఏ పద్దులో మించిందో పక్కన పెట్టి చూపగలిగితే ఏ సభ్యుడికైనా అడగడానికి సరుకు దొరికినట్టే.

కలెక్టరేట్ సంగతి. కమిటీ జిల్లా పర్యటనలో పెట్టే సమీక్ష అధికారులతో. బయట మీరు ఇచ్చే కాగితం తీసుకుంటారు, కానీ రికార్డులోకి రావాలంటే శాసన సచివాలయం కార్యదర్శి పేరు మీద రిజిస్టర్ పోస్టులో పోవాలి. చేతికిచ్చినదీ పోస్టులో పంపినదీ ఒకటే కాగితమై ఉండాలి, తేదీతో సహా.

మిర్యాలగూడ మిల్లు:

ఆర్టీఐ కింద పీఏసీ మీటింగ్ మినిట్స్ అడిగితే అన్నీ బయటికి వస్తయి గదా? అది సులువు.

ఆడిట్ పేరా:

రావు. సమాచార హక్కు చట్టం 8(1)(సి) ప్రకారం సభాహక్కులకు భంగం కలిగించే సమాచారం ఇవ్వక్కర్లేదు. నివేదిక సభలో పెట్టేదాకా కమిటీ ముందు జరిగినది బయటికి రాదు. ఆర్టీఐని కమిటీ మీద కాక డివిజన్ ఆఫీసు మీద వాడండి. పరిపాలనా అనుమతి జీఓ, సాంకేతిక మంజూరు, ఒప్పందం విలువ, పూర్తి కావాల్సిన తేదీ, గడువు పొడిగించిన ఉత్తర్వులు, ఎంబీ పేజీల నకలు, పెట్టిన ప్రతి బిల్లు మొత్తం, టోకెన్ నంబరు, తేదీ. వీటి నకళ్లు అడగండి. జిల్లా, డివిజన్ స్థాయిలో రుసుము 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో లేదు. నకలు ఏ4 పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. ‘ఎందుకు ఆలస్యమైంది’ అని ప్రశ్న రూపంలో అడగొద్దు. కారణాలు చెప్పక్కర్లేదని తిప్పి పంపుతారు. కాగితం పేరు చెప్పి నకలు అడగాలి.

అచ్చంపేట చౌరస్తా:

పార్లమెంటు బిల్లుల సంగతి నేను చెప్తాను. ఇక్కడ పద్ధతి వేరు, మనకు వీలు కూడా ఎక్కువ.

1993 నుంచి పార్లమెంటులో శాఖల వారీ స్థాయీ సంఘాలు ఉన్నాయి. ఇప్పుడు 24. ఒక్కోదానిలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. ఇవి రెండు పనులు చేస్తాయి. బడ్జెట్ పెట్టాక సభకు విరామం ఇచ్చిన ఆ కొన్ని వారాల్లో ప్రతి మంత్రిత్వ శాఖ పద్దునూ ఓటింగ్‌కు ముందే పరిశీలిస్తాయి. కోత తీర్మానం (కేటాయింపు తగ్గించాలనే తీర్మానం) లాంటిది సూచించకూడదు, రోజువారీ పరిపాలన జోలికి పోకూడదు. కానీ పోయినేడు ఇచ్చింది ఎందుకు ఖర్చు పెట్టలేదని నిలదీస్తాయి. మన దగ్గర 2025-26 బడ్జెట్ మార్చి 19న సభలో పెట్టారు, 3,04,965 కోట్లు. ఏప్రిల్ 1 లోపు అంతా అయిపోవాలి. ఓటింగ్‌కు ముందు ప్రతి పద్దునూ ఒక కమిటీ కూర్చుని చదివే అలవాటు ఇక్కడ నడవడం లేదు. నా దృష్టిలో మన చట్టసభకు అన్నిటికంటే ముందు కావాల్సింది అదే. కేరళలో విషయ కమిటీలు 14 ఉన్నాయి, బిల్లులూ పద్దులూ వాటి చేతుల మీదుగా పోతాయి. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం 43.93 కిలోమీటర్లు, దాని పద్దు దాదాపు ఇరవై ఏళ్లుగా బడ్జెట్ పుస్తకాల్లో తిరుగుతోంది. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. అంత కాలం నడిచే పనికి ప్రతి ఏటా ఓటింగ్‌కు ముందు ‘పోయినేడు ఎంత అడిగారు, ఎంత ఇచ్చారు, ఎన్ని మీటర్లు తవ్వారు, ఏం అడ్డొచ్చింది’ అని అడిగే కమిటీ ఒకటి ఉండి తీరాలి.

రెండో పని బిల్లులు. బిల్లు సభలో పెట్టాక స్పీకర్‌గానీ రాజ్యసభ చైర్మన్‌గానీ కమిటీకి పంపవచ్చు, పంపకపోవచ్చు. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు పోయాయి, 17వ లోక్‌సభలో 16 శాతమే. రెండు ఉదాహరణలు చాలు. 2011లో గడువులోగా పౌరసేవలు అందాలని, అందకపోతే అధికారికి జరిమానా ఉండాలని ఒక బిల్లు లోక్‌సభలో పెట్టారు. సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, న్యాయ శాఖల స్థాయీ సంఘం దాన్ని క్షుణ్ణంగా పరిశీలించి 2012లో నివేదిక ఇచ్చింది. 2014లో లోక్‌సభ రద్దు కావడంతో బిల్లు మురిగిపోయింది. కమిటీ పని పూర్తయినా చట్టం కాలేదు. రెండోది పరీక్షల్లో అక్రమాల నిరోధక బిల్లు. ప్రశ్నపత్రాల లీకులతో మన పిల్లలు ఎంత నష్టపోయారో చెప్పక్కర్లేదు. 2024 ఫిబ్రవరి 5న లోక్‌సభలో పెట్టారు, 6న ఆమోదించారు, 9న రాజ్యసభ ఆమోదించింది. మధ్యలో స్థాయీ సంఘం లేదు, అభిప్రాయాలు పంపే సందు లేదు. అవసరమైన చట్టమే. అయినా పరీక్ష రద్దయితే అభ్యర్థికి ఏం చేస్తారు అన్న ప్రశ్న కమిటీలో అడగాల్సింది, అడిగే చోటే లేకుండా పోయింది.

బిల్లు కమిటీకి పోతే పేపర్లలో ప్రకటన వస్తుంది. సాధారణంగా 15 రోజుల గడువు. ఇంగ్లీషులో లేదా హిందీలో, రెండు ప్రతులు. స్వయంగా హాజరై చెప్పాలనుకుంటే ఆ మాట విడిగా రాయాలి. ‘ఈ బిల్లు ప్రజలకు వ్యతిరేకం’ అని రాస్తే చదివి పక్కన పెడతారు. ఒక్కో క్లాజు తీసుకోండి: క్లాజు సంఖ్య, ఇప్పుడున్న మాటలు, వాటితో కింది స్థాయిలో వచ్చే చిక్కు, మీరు కోరే మాటలు. ఒక పేజీలో మూడు క్లాజులు మించొద్దు.

అన్నిటికంటే ముందు ‘నిర్దేశించిన విధంగా’ అన్న మాట బిల్లులో ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టండి. ఆ మాట ఉన్న ప్రతిచోటా అసలు సంగతి చట్టంలో లేదు, తర్వాత వచ్చే నియమాల్లో ఉంటుంది. సేవ ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, అప్పీలు ఎవరికి, ఫీజు ఎంత లాంటివి అక్కడికి పోతే సభ వాటిని చర్చించదు. ఆ నియమాలను చూసే కమిటీ వేరే ఉంది, అధీన శాసనాల కమిటీ. దానికి పని ఎక్కువ, దాని మీద చూపు తక్కువ. గడువును చట్టంలోనే రాయమని కోరడం ఏ సేవల బిల్లు మీదైనా మనం పంపగల అన్నిటికంటే ఉపయోగకరమైన సవరణ.

ఒక జాగ్రత్త. కమిటీకి పంపిన విజ్ఞాపన కమిటీ రికార్డు అవుతుంది, గోప్యంగా ఉండాలి. దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో, పేపర్లలో పెట్టొద్దు. సభాహక్కుల ఉల్లంఘన కిందికి వస్తుంది. మీ అభిప్రాయం బయట కూడా చెప్పుకోవాలంటే వేరే వ్యాసంగా రాసుకోండి, కమిటీకి పంపిన కాగితం మాత్రం కాదు.

దేవరకొండ రోడ్డు:

అందరికీ దండం. శాన విషయాలు తెలిసినయి. ఇట్ల రాద్దామనుకుంటున్నం, చూసి చెప్పండి:

‘గౌరవనీయులైన కమిటీ చైర్మన్ గారికి. అధికారుల తీవ్ర నిర్లక్ష్యం వల్ల, కాంట్రాక్టర్ కుమ్మక్కు వల్ల మా పిల్లల హాస్టల్ గదులు ఆగిపోయినయి. వెంటనే నిధులు విడుదల చేయించి బాధ్యుల మీద చర్యలు తీసుకోగలరు.’ కింద 60 మంది సంతకాలు. దీనికి ఫోటోలు, ఆర్టీఐ జవాబు జతచేస్తం.

ఆడిట్ పేరా:

‘నిర్లక్ష్యం’, ‘కుమ్మక్కు’ రెండు మాటలూ తీసేయండి. నిరూపించే కాగితం మీ దగ్గర లేదు. ఆ రెండు మాటల మీదే శాఖ జవాబు రాసి అసలు సంగతి దాటేస్తుంది. ‘నిధులు విడుదల చేయించి’ కూడా వద్దు, కమిటీ చేతిలో లేని పని అది. ఇలా మార్చండి:

‘ఫలానా జీఓ ద్వారా ఇన్ని లక్షలతో మంజూరైన ఈ పని ఫలానా తేదీకి పూర్తి కావాలి. ఫలానా తేదీ నాటికి ఎంబీలో నమోదైన పని విలువ ఇంత, చెల్లించింది ఇంత. ఫలానా ఖాతాలో రెండేళ్ల బడ్జెట్ అంచనా ఇంత, అసలు ఖర్చు ఇంత. మిగిలిన మొత్తాన్ని 2017 చట్టం ప్రకారం తర్వాతి ఏడాదిలో ఏ ఖాతాలో కలిపారో శాఖ నుంచి తెప్పించుకుని, ఆ వివరాన్ని కమిటీ తన నివేదికలో చేర్చాలని ప్రార్థన.’

అంకెలన్నీ ఆర్టీఐ జవాబులోంచి, పుస్తకంలోంచి ఎత్తి రాయాలి. లక్షల్లో రాస్తే అంతటా లక్షల్లోనే రాయండి. బడ్జెట్ పుస్తకంలో కొన్నిచోట్ల వేలల్లో ఇస్తారు. సున్నాల తేడా పడితే మొత్తం కాగితం మీద నమ్మకం పోతుంది.

జతపరచడం గురించి. అర్జీ వేరు, విజ్ఞాపన లేఖ వేరు. లోక్‌సభ నియమాల్లో అర్జీకి ఉత్తరాలు, అఫిడవిట్లు, వేరే కాగితాలు జతచేయకూడదని ఉంది, సభ్యుడి ప్రతిసంతకం కూడా ఉండాలి. మన శాసన సచివాలయానికీ అదే పద్ధతిలో అర్జీ తయారు చేసి మీ ఎమ్మెల్యే చేత సంతకం చేయించండి. ఫోటోలు, నకళ్లు మాత్రం విడిగా చైర్మన్ పేరు మీద విజ్ఞాపన లేఖకు జతచేసి పంపండి. నకళ్లకు వరుస సంఖ్యలు వేసి, లేఖలో ప్రతి అంకె పక్కన ఆ సంఖ్య రాయండి. ఫోటో వెనుక తేదీ ఉండాలి.

పాలమూరు లెక్కలు:

ఒక్కటి కలుపుతాను. 60 సంతకాలు అంటున్నారు కదా, అవి రెండో పేజీలోకి పోతాయి. సంతకాలన్నీ విడి కాగితాల మీద ఉంటే, అర్జీ రాసిన కాగితం మీద ఎవరి సంతకమూ లేదని వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది. అర్జీ పాఠం ఉన్న మొదటి పేజీ అడుగున కనీసం ఒకరి సంతకం, పూర్తి పేరు, చిరునామా ఉండేలా చూసుకోండి. వేలిముద్ర వేసేవాళ్లుంటే పక్కన సాక్షి సంతకం పెట్టించండి.

దేవరకొండ రోడ్డు:

మంచిది. రేపు ఆర్టీఐ దరఖాస్తు డివిజన్ ఆఫీసుల వేస్తం, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ తీసుకున్నం. జవాబు చేతికి వచ్చినంక అంకెలు నింపి అర్జీ ఇక్కడ పెట్టకుండ నేరుగ పంపుతం.